టేపు తిరుగుతా ఉండాది

చిన్నాయన పోయాక చిక్కపేట బట్టల వ్యాపారులు ఒక సాయంత్రం సంతాప సభ పెట్టారు. మాట్లాడినవాళ్ళంతా మంచి మనసుతోనే మాట్లాడారు, కానీ మాటలు పెద్దవైపోయాయి. ఒకాయన చిన్నాయన్ని సంగీత సముద్రంలో ఈదిన మహానుభావుడు అన్నాడు. మా చిన్నాయనకు ఈత రాదు, పాడటం అంతకన్నా రాదు. ఇంకొకాయన ఆయన చేసింది తపస్సు అన్నాడు. తపస్సుకు ఏకాంతం కావాలి. చిన్నాయన పని మొత్తం గిరాకీల మధ్య, చీరల గుట్టల మధ్య జరిగింది. నేను ముందు వరసలో కూర్చుని, ఎవరి మీదా కోపం లేకుండానే, ఆ మాటల్లో ఆయన కోసం వెతుక్కున్నాను. నాకు తెలిసిన మనిషిని మూడు ముక్కల్లో చెప్పొచ్చు. పట్టుచీరలు అమ్మాడు. రేడియో విన్నాడు. విన్నది పారేయకుండా దాచాడు. మొదటి రెండూ చిక్కపేటలో చాలామంది చేశారు. మూడోది ఆయన చేశాడు, దాన్ని మా అమ్మ కాపాడింది. అమ్మ కూడా పోయి కొన్నేళ్ళయింది. ఆ పని ఎట్లా జరిగిందో తెలిసినవాళ్ళలో మా ఇంట్లో ఇప్పుడు నేనే మిగిలాను కనుక రాస్తున్నాను.

మా ఇల్లూ అంగడీ ఒకే కట్టడం. కింద అంగడి, పైన మేము, మధ్యలో నిటారుగా చెక్క మెట్లు. ముత్తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, అంగట్లో మాత్రం వచ్చినవాళ్ళు ఏది మాట్లాడితే అది. పొద్దున్నే అమ్మ కింద తలుపు తీయించి, పరుపుల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిపించి, సాంబ్రాణి వేసి పైకి వచ్చేది. ఆ పొగ మెట్ల మీదుగా వంటింట్లోకి వచ్చి కాఫీ డికాక్షన్ వాసనతో కలిసేది. కొత్త పట్టుకు ఒక వాసన ఉంటుంది, కొంచెం గంజి, కొంచెం పచ్చి ఆకు లాంటిది. మా బడి పుస్తకాలకు కూడా ఆ వాసనే. నాన్న నెలలో సగం రోజులు ధర్మవరం, మొళకాల్మూరు నేతగాళ్ళ దగ్గర ఉండేవాడు. అంగడి చూసుకునేది నాన్న తమ్ముడు నాగరాజు, అంటే మా చిన్నాయన. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చిక్కపేట కొంచెం మెత్తబడేది. తోపుడు బండ్ల అరుపులు తగ్గేవి, హమాలీలు గోడ నీడన కునికేవాళ్ళు. ఆ వేళకే రేడియోలో తెలుగు సినిమా పాటల కార్యక్రమం వచ్చేది. కన్నడం, హిందీ, ఇంగ్లీషు పాటల మధ్యన మాకంటూ ఉన్నది ఆ కాసేపే. చిన్నాయన దాన్ని టేపు చేసేవాడు. పాత పాటలే ఎక్కువ, మా అమ్మా వాళ్ళ చిన్నతనం నాటివి. అంగట్లో గల్లా పక్కన తాతగారి నాటి పెద్ద చెక్క రేడియో ఉండేది. దాని ముందర ఒక పీట, పీట మీద ఇటుకంత నల్లటి టేపు రికార్డరు. దానికి లోపలే చిన్న మైకు. రేడియో పాడితే రికార్డరు వినేది, అంతే. రేడియోతో పాటు గదిలో ఏం జరిగితే అది కూడా వినేది. అప్పటికే రేడియో, రికార్డరు ఒకటిగా కలిసి ఉన్నవి బజారులో దొరుకుతున్నాయి. వాటిలో పాట బయటికి రాకుండా లోపల్లోపలే టేపులోకి పోతుంది, పక్కన పిడుగు పడ్డా పాటకు తగలదు. చిన్నాయన వాటిని కొనలేదు. తాత రేడియో పట్టినంత గట్టిగా స్టేషన్‌ను మరొకటి పట్టదని ఆయన నమ్మకం.

కార్యక్రమం మొదలవగానే ఆయన రెండు మీటలు కలిపి నొక్కి, "టేపు తిరుగుతా ఉండాది!" అని ఒక కేక వేసేవాడు. ఆ కేక మెట్లెక్కి మా ఇంట్లోకి వచ్చేది. అమ్మ గిన్నెలు మెల్లగా పెట్టేది. నేను చదువుకుంటుంటే పేజీ కూడా చప్పుడు కాకుండా తిప్పేదాన్ని. కింద ఎవరైనా నోరు తెరిస్తే చిన్నాయన అరచెయ్యి పైకెత్తి చూపేవాడు. కళ్ళు రేడియో మీదనే ఉండేవి, చెయ్యి మాత్రం మన వైపు. ఆ చెయ్యి చూసి మా నాన్న కూడా మాట మింగేవాడు. కానీ గిరాకీలను ఎవరు ఆపగలరు? చీర చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు రంగు గురించి మాట్లాడాలి, అంచు గురించి వాదించాలి, పక్కింటి పెళ్ళిలో చూసిన చీరను తలుచుకోవాలి. వాళ్ళ ముందు చిన్నాయన రెండు చేతులా చీరలు విప్పుతూ ఉండేవాడు. అందుకే ఆయన టేపు ఆపడం, మళ్ళీ మొదలు పెట్టడం చేయలేకపోయేవాడు. ఒకసారి మీట నొక్కితే ఆ వైపు అయిపోయేదాకా తిరగవలసిందే. పాటతో పాటు రేడియోలో మాట్లాడే ఆమె మాటలు, సబ్బుల ప్రకటనలు, టైము చెప్పడం, ఈలలు, మా అంగడి బేరాలు అన్నీ అందులోకి పోయేవి.

దీనికి ఆయన్ని ఎగతాళి చేసే మనిషి ఒకాయన ఉండేవాడు, ఎదురు వరసలో బోల్టులు, తలుపు కీళ్ళు అమ్మే మునిరత్నం. ఆయనకూ పాటల పిచ్చే. ఆయన దగ్గర రెండూ కలిసిన విదేశీ పెట్టె ఉండేది. మాట మొదలవగానే ఆపేవాడు, పాట మొదలవగానే వదిలేవాడు. ఆయన టేపుల్లో పాట తర్వాత పాటే, మధ్యలో ఊపిరి కూడా ఉండేది కాదు. ఒక రోజు చిన్నాయన టేపు పెట్టించుకుని విన్నాడు.

"ఏం నాగరాజా, ఇది పాటా, సంతా?"

"పాటే. స్వల్ప ఓపిక పట్టు, వస్తాది."

"యాడ వస్తాది? ఎవురో ఆయమ్మ నెమలికంఠం రంగు చూపీమంటా ఉండాది. చరణం అయిపాయె, నువ్వింగా నెమలిని వెతకతానే ఉండావు!"

"గిరాకీని సుమ్మనుండమంటే సుమ్మనుంటారా అప్పా?"

"నా టేపు తీసుకుపో. కడిగిన ముత్యం. దీంట్లో అయితే పాట కోసం గాలించాల."

చిన్నాయన నవ్వేవాడు గాని, ఆ మాట ఆయన్ని గుచ్చుకునేది. రాత్రి భోజనం దగ్గర అమ్మతో అనేవాడు, "వాడు చెప్పింది నిజమే వదినా. నాది సుద్దమైన రికార్డు కాదు." ఆయనకు తన టేపుల మీద ప్రేమ ఉండేది, గర్వం ఉండేది కాదు. ఆ గర్వం చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది. ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ముందు మడతల సంగతి చెప్పాలి.

పట్టుచీరను బీరువాలో పెట్టి మరచిపోకూడదు. ఒకే మడతలో చాన్నాళ్ళు ఉంటే ఆ గీత వెంట జరీ విరిగి పట్టు చీలుతుంది. అందుకని అమ్ముడుపోని చీరలన్నీ అప్పుడప్పుడూ విప్పి, గాలి తగలనిచ్చి, వేరే చోట మడిచి పెట్టాలి. మా ఇంట్లో దాన్ని మడత మార్చడం అనేవాళ్ళం. అది అమ్మ పని. గాజులు తీసి పక్కన పెట్టి, చేతులకు నూనె జిడ్డు లేకుండా కడుక్కుని, పాటల వేళకు కిందికి దిగేది. ఆమె చీర విప్పితే గుడ్డ ఒక్కసారి గాలి పీల్చినట్టు చప్పుడయ్యేది, మడిస్తే సన్నగా గరగరమనేది. ఆమెను చూసే చిన్నాయనకు ఆలోచన వచ్చింది. టేపు కూడా చుట్టలు చుట్టలుగా ఒకదాని మీద ఒకటి పడి ఉండేదే కదా, దానికీ మడత మార్చాలి కదా అని. అమ్మ చీరలకు మడత మార్చే రోజునే ఆయన క్యాసెట్లన్నీ బయటికి తీసి, ఒక్కొక్కటీ ఆ కొస నుంచి ఈ కొసకు చుట్టి, మళ్ళీ వెనక్కి చుట్టి పెట్టేవాడు. "ఒకే మడతలో పడుకోబెడితే పాట విరిగిపోతాది," అనేవాడు. టేపుకు అది నిజంగానే మంచిదని మాకు చాలా తర్వాత తెలిసింది. అప్పటికి మాకు తెలిసింది పట్టు ఒక్కటే. అన్నిటికీ అదే వైద్యం చేశాం.

క్యాసెట్ల పెట్టెల మీద ఆయన తారీకులు వేయలేదు. చీరల ధర చీటీలు తిప్పి, వెనకవైపు రాసి అంటించేవాడు. "కరగ మరుసటి దినము." "పెద్దవాన, కరెంటు పోయి వచ్చింది." "సుధ పరీక్ష పాసైంది." కరగ అంటే పేటల్లో రాత్రంతా సాగే అమ్మవారి ఊరేగింపు. సుధ అంటే నేను. "దేవనహళ్ళి వాళ్ళు వచ్చిన దినము" అన్నది కూడా ఒకటి. ఆ దినాన నేను అక్కడే ఉన్నాను.

రేడియోలో మాట్లాడే ఆమెను మేము రేడియో అక్క అనేవాళ్ళం. పేరు ఎప్పుడూ చెప్పలేదు. ప్రతి పాటకు ముందు ఆమె ఉత్తరాలు రాసినవాళ్ళ పేర్లు చదివేది. చదవడం తొందరగా ఉండేది కాదు. ఒక్కొక్క పేరునూ ఇంట్లోకి రమ్మని పిలుస్తున్నట్టు చదివేది. ఆ పేర్లలో దేవనహళ్ళి కోట వీధి నుంచి పద్మావతి అన్న పేరు తరచుగా వచ్చేది. పద్మావతి, ఆమె భర్త, పిల్లలు, అత్తగారు పాపమ్మ. ఆ కుటుంబం మాకు చుట్టాలంత తెలిసిపోయింది. కొత్తగా ఒక పేరు చేరితే అమ్మ మెట్ల మీద నుంచే, "చూడప్పా, పద్మావతికి మళ్ళీ బిడ్డ పుట్టినట్టుండాది," అనేది.

ఆ మధ్యాహ్నం పరుపు మీద ఒక అత్తా కోడలూ కూర్చుని ఉన్నారు. ఆ ఇంటి ఆడబిడ్డ పెళ్ళికి చీర. అత్త నోరు గట్టిది. కోడలు ప్రతి చీరనూ అత్త ముఖంలో చూసేది. చిన్నాయన ఇద్దరికీ మధ్యన చీరలు పరుస్తూ, చెవి రేడియోకి ఇచ్చి ఉన్నాడు. ఆయన ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్న ఒక పాత పాటను తర్వాత వేస్తామని రేడియో అక్క చెప్పింది. ఆయన చెయ్యి అప్పుడే పైకి లేచింది. రేడియో అక్క పేర్లు మొదలుపెట్టింది. దేవనహళ్ళి కోట వీధి నుంచి పద్మావతి అనగానే కోడలు చేతిలో చీర అట్లాగే పట్టుకుని, "అది నేనే!" అంది.

చిన్నాయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "మీరా? కోట వీధి పద్మావతమ్మా?"

"నేనేనన్నా!"

"వదినా!" అని చిన్నాయన మెట్ల వైపు అరిచాడు. "వదినా, బేగ దిగు! పద్మావతమ్మ మన అంగట్లోనే ఉండాది!"

అమ్మ దిగింది. పాట మొదలైంది. ఎవరూ వినలేదు. అత్తగారు పాపమ్మ కోడలి వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"రేడియోకి జాబులు రాస్తా ఉండావా నువ్వు?"

"ఊఁ, అత్తా."

"నా కొడుకు పేరూ, పిల్లోళ్ళ పేర్లూ ఊరంతా చెప్తా ఉండావా?"

"నీ పేరు కూడా రాసినా అత్తా. ఎప్పుడూ రాస్తా. ఇప్పుడు చదివింది కదా ఆయమ్మ."

అందరం పాపమ్మ కోపం కోసం ఎదురు చూశాం. "మరి కడాన చదివిందేం?" అంది పాపమ్మ. "ఇంట్లో పెద్ద నేను. నా పేరు కదా ముందుండాల్సింది?"

అమ్మ పకపకా నవ్వింది. పద్మావతి సిగ్గుతో చీర ముఖానికి అడ్డం పెట్టుకుంది. చిన్నాయన కూడా నవ్వాడు గాని, కళ్ళు రికార్డరు వైపు పోతున్నాయి. అప్పుడు పద్మావతే అంది, "ఒక నిమిషం ఉండన్నా. ఈ చరణం అయిపోనీ. దీని కోసమే రాసింది." దాంతో అందరం ఆగాం. పాపమ్మ కూడా ఆగింది. ఆ ఒక్క చరణం అంతసేపూ పాట తప్ప వేరే చప్పుడు లేదు. అమ్మ చేతులు ఊరికే ఉండలేక ఒక చీర మడతపెడుతున్నాయి, అదొక్కటే. చరణం అయ్యాక పాపమ్మ, "సరే, ఆ వంకాయ రంగుది ఎట్లా ఇస్తావప్పా?" అనడం, టేపు ఆ వైపు టక్కుమని అయిపోవడం ఒకేసారి జరిగాయి. చిన్నాయన గబగబా తిప్పి రెండో వైపు పెట్టాడు.

రాత్రి ఆయన ఆ టేపు మళ్ళీ వేసి విని, తల పట్టుకున్నాడు. "ఎన్నాళ్ళకు వచ్చింది ఆ పాట! మొత్తం గలాటా అయిపాయె. దీని మీద వేరేది ఎక్కిస్తా."

అమ్మ కంచాలు తీస్తూ అంది, "ఎక్కించొద్దు. ఆ పాట మళ్ళీ వస్తాది. వాళ్ళు మళ్ళీ వస్తారా?"

మా ఇంట్లో అమ్మ మాట మీద మాట ఉండేది కాదు. ఆ క్యాసెట్ బీరువాలోకి పోయింది. ఆ పాట మళ్ళీ వచ్చింది, చాలాసార్లు. పద్మావతి మళ్ళీ మా అంగడికి రాలేదు, పేరు మాత్రం రేడియోలో వస్తూనే ఉండేది. ఆ తర్వాత నుంచి పాపమ్మ పేరు ముందు వచ్చేది.

తర్వాతి ఏళ్ళలో ఊళ్ళోకి కొత్త ఎఫ్.ఎం. స్టేషన్లు వచ్చాయి. ఆటోల్లో, టీ అంగళ్ళలో పొద్దస్తమానం పాటలే. ఉత్తరాలు పోయి ఫోన్లు వచ్చాయి. మా మధ్యాహ్నపు కార్యక్రమం వేళలు మారింది, కుదించుకుపోయింది, ఒకనాటికి లేకుండా పోయింది. రేడియో అక్క ఏమైందో ఎవరికీ తెలియదు. ఆమె చివరి రోజున, ఇది చివరి రోజు అని కూడా చెప్పలేదు. చిన్నాయన కొన్నాళ్ళు ఆ వేళకు రేడియో పెట్టి, గరగర వింటూ కూర్చున్నాడు. అప్పటికి నేను ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతున్నాను. ఆ ఎండాకాలమే మా కట్టడం యజమాని పాతది పడగొట్టి కాంప్లెక్స్ కడతానని చెప్పాడు. నాన్నకు ఓపిక తగ్గింది, అంగడి మూసేయాలని నిశ్చయమైంది. ఇంటి సామాను పట్టే చోటు దొరికింది. చీరలు అన్నీ ఎవరికో ఒకరికి పోతాయి. గోడ పొడవునా ఉన్న ఇనుప బీరువా నిండా క్యాసెట్లు మాత్రం ఎక్కడికి పోవాలి? చిన్నాయన ఒక్కటే అన్నాడు, "నా తర్వాత ఎవురైనా వినాల సుధా. లేకుంటే ఇదంతా సుమ్మనే తిరిగినట్టే కదా."

మా కాలేజీ గ్రంథాలయంలో పాత శబ్దాలు, ఇంటర్వ్యూలు భద్రం చేసే గది ఒకటి ఉంది. దాన్ని చూసే రేణుక కన్నడం మనిషి, నాకు స్నేహితురాలు. ఒకసారి వచ్చి చూడమని అడిగాను. వచ్చింది. చిన్నాయన తెల్లచొక్కా వేసుకుని, బీరువాకు పసుపు కుంకుమ పెట్టినంత పని చేసి, తలుపు తెరిచాడు. లోపలి నుంచి కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. రేణుక ఒక క్యాసెట్ తీయబోతే పక్కది కూడా దానితో వచ్చింది. పెట్టెలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. క్యాసెట్ల మీది చిన్న కిటికీలు మబ్బు పట్టాయి. కొన్ని వంగి, చక్రం తిరగకుండా బిగుసుకున్నాయి. అంగడి మూసే గొడవలో రెండు ఎండాకాలాలుగా మడత మార్చలేదు, కనుక ఎవరూ చూడలేదు. చీరలకు పురుగు పట్టకుండా అమ్మ కలరా ఉండల్ని పలుచటి గుడ్డలో మూట కట్టి, జరీకి తగలకుండా బీరువా మూలల్లో వేలాడదీసేది. క్యాసెట్లకూ అదే చేసింది. పట్టుకు పురుగు ఎట్లా శత్రువో వీటికీ ఏదో ఒకటి ఉంటుందని ఆమె ఆలోచన. ఆ ఉండల ఆవిరి ప్లాస్టిక్‌ను కరిగిస్తుందని పట్టు వ్యాపారం చేసే ఇంట్లో ఎవరికి తెలుస్తుంది?

"ఎండకు కరిగినాయి," అన్నాడు చిన్నాయన వెంటనే, ఎవరూ అడగకముందే. "ఈ ఏడు ఎండ జాస్తి."

అమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. మెల్లగా దిగి వచ్చి బీరువా లోపలికి చూసింది. "ఎండ కాదప్పా. ఎండైతే పైన ఉండేవి కరగాల, కిందవి బాగుండాల. మూటలు యాడ కట్టినానో ఆడే కరిగినాయి."

"మూటలు కట్టమని నేనే కదా అడిగింది వదినా."

"నువ్వు అడగలే. నేనే కట్టినా. ఇన్నేళ్ళుగా అంగడి చేసినావు, అబద్ధం చెప్పేది రాలేదు నీకు."

ఆయన వెళ్ళి గల్లా దగ్గర, మా అందరికీ వీపు పెట్టి, వీధి చూస్తూ కూర్చున్నాడు. ఆయన్ని అట్లా నేను మళ్ళీ చూడలేదు, చివరి రోజుల్లో ఆసుపత్రిలో కూడా.

రేణుక మాత్రం ఒక పెట్టెను వెలుగులో తిప్పి తిప్పి చూసింది. పెట్టె పోయింది గాని లోపలి టేపు వేరే సరుకు, అది బాగుండొచ్చు అంది. కొత్త ఖాళీ పెట్టెల్లోకి మార్చి చూద్దామని, మర్నాడే ఒక సంచీడు తెచ్చింది. మరలున్నవి మరలు విప్పాలి, అతికించినవి పగలగొట్టాలి. తర్వాత రెండు చుట్టల్నీ వాటి మధ్యన సాగిన టేపునూ కదలకుండా ఎత్తి కొత్త దాంట్లో పెట్టాలి. ఒకటి చేసి చూపించింది. అమ్మ పక్కనే కూర్చుని చూసింది. చూసి, గాజులు తీసి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది.

అంగడి ఖాళీ చేసేలోపు ఆ తెల్ల దుప్పటి మీదే పని అంతా జరిగింది. నేను మరలు విప్పేదాన్ని, అమ్మ ఎత్తిపెట్టేది, చిన్నాయన రికార్డరులో వేసి తిరుగుతుందో లేదో చూసేవాడు. దేవనహళ్ళి క్యాసెట్ అతికించిన రకం. దాన్ని పగలగొట్టే సరికి ఒక చుట్ట జారి దుప్పటి మీద పడి, గోధుమరంగు టేపు గుట్టగా విచ్చుకుపోయింది. చిన్నాయన లేచి నిలబడి గోడ వైపు తిరిగాడు.

"ఈ పక్క తిరుగప్పా," అంది అమ్మ. "ఇదీ పోగే కదా. లాగితేనే చిక్కు. కొస యాడుండాదో చూసి చెప్పు సాలు."

ఆయన తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, కొస వెతికాడు. అమ్మ దాన్ని చూపుడువేలి మీద వేసుకుని, జరీ పోగు చుట్టినట్టే చుట్టింది. ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు. సంత వేళలో మా సందు ఎంత మోతగా ఉంటుందో తెలిసినవాళ్ళకే ఆ రోజు మా అంగట్లో ఉన్న నిశ్శబ్దం అర్థమవుతుంది. కొత్త పెట్టెలో వేసి మీట నొక్కితే, మొదట కొంచెం వణికి, తర్వాత నిలదొక్కుకుని, రేడియో అక్క దేవనహళ్ళి కోట వీధి అంది. అమ్మ కొంగుతో వేళ్ళు తుడుచుకుంది. "ఊఁ, తర్వాతది ఇవ్వు," అంది.

కొన్ని దక్కలేదు. దక్కినవే ఎక్కువ. రేణుక వాటిని తీసుకుపోయి విన్నాక చిన్నాయన్ని గ్రంథాలయానికి రమ్మని కబురు చేసింది. మేము వెళ్ళేసరికి మునిరత్నం గారు కూడా తన టేపులు ఇస్తానని అక్కడికి వచ్చి ఉన్నారు. రేణుక ఇద్దరికీ మర్యాదగానే చెప్పింది. పాటలు కంపెనీల దగ్గర ఉన్నాయి, బజారులో ఉన్నాయి, ఎప్పటికీ ఉంటాయి. ఆ కార్యక్రమం మాత్రం ఎక్కడా లేదు. ఎవరూ దాచలేదు. ఆమె గొంతు, ఆ పేర్లు, ఆ ప్రకటనలు, రేడియో ఒక అంగట్లో ఎట్లా మోగేదో, జనం దాన్ని ఎట్లా వినేవాళ్ళో, ఇవన్నీ మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా ఉన్నది నాగరాజు గారి టేపుల్లోనే అంది. చిన్నాయన ఆమె మాట నమ్మలేక నా వైపు చూశాడు. "బేరాలు కూడా కావాలంటనా? శుభ్రం చేసి ఇస్తారేమో అనుకొంటి." శుభ్రం చేయొద్దు, అదే కావాలి అని నేను తెలుగులో మళ్ళీ చెప్పాను.

మునిరత్నం గారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "ఏం నాగరాజా, నీ అంగడి గలాటా చరిత్ర అయిపోయిందే!" అన్నారు. తర్వాత మెల్లగా, "నా గొంతు కూడా ఉండాదా దాంట్లో?"

"ఉండాది. నన్ను తిడతా ఉండావు."

"అట్లయితే ఇవ్వు, ఇవ్వు. జోపానంగా పెట్టమని చెప్పు."

ఇంటికి వచ్చి చిన్నాయన గడప దగ్గర చెప్పులు విడుస్తూ అమ్మతో, "వదినా, నాది సుద్దమైన రికార్డేనంట," అన్నాడు. ఆ మాట అన్నప్పటి ఆయన ముఖం నాకు ఇప్పటికీ చాలు. సభలో అన్న పెద్ద మాటలేవీ దాని ముందు నిలవవు.

సభ అయిన వారానికి నేను ఆ గదికి వెళ్ళాను. ఇప్పుడు అన్నీ కంప్యూటరులో ఉన్నాయి. చిన్నాయన చీటీల మీద రాసిన మాటలే పేర్లుగా ఉంచారు. ఎవరైనా వెళ్ళి వినొచ్చు. నేను వెళ్ళిన శనివారం ఒక అమ్మాయి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటోంది. పేరు అనూష, ఊరు కరీంనగర్, మహదేవపురలో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. మొదట ఒకసారి పాత పాట కోసం వచ్చిందట. "పాట ఫోన్‌లోనే ఉంది మేడం, హెచ్‌డీ క్వాలిటీలో. కానీ వీళ్ళ మాటలకు అడిక్ట్ అయిపోయాను. వీకెండ్ వస్తే ఒకటి వింటా," అంది. అడగకుండానే నాకు ఎవరెవరి గొంతు ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఇతను షాప్ అంకుల్, ఈమె మెట్ల మీద ఉండే ఆంటీ, బోల్టుల అంకుల్ మాత్రం చాలా ఫన్నీ అంది. నేను ఎవరో చెప్పలేదు.

ఆ అమ్మాయి ఉండేది గదికొకరు చొప్పున ఉండే హాస్టల్లో. కోరిన పాట కోరిన క్షణంలో ఆమె చెవిలోకి, ఆమె ఒక్కదాని చెవిలోకి వస్తుంది. అందులో తప్పేం లేదు, నేనూ అట్లాగే వింటున్నాను. కానీ అప్పట్లో దేవనహళ్ళిలో ఒకామె కోరుకుంటే చిక్కపేటలో మేము వినేవాళ్ళం. ఆమెకు బిడ్డ పుడితే మా అమ్మకు తెలిసేది. మా చిన్నాయన దాచింది ఆ సంగతి. దాన్ని దాస్తున్నానని ఆయనకు తెలియదు, రెండు చేతులా చీరలుండి మీట నొక్కలేకపోయాడు, అంతే. అయినా దాచినవాడు ఆయనే. మడత మార్చినవాడు ఆయనే. కరిగిన పెట్టెల్లోంచి పోగు పోగుగా తిరిగి తెచ్చింది మా అమ్మ. ఈ ఊళ్ళో మా కుటుంబం చాలా తరాలుగా చీరలు అమ్మింది, ఆ చీరలు ఎక్కడున్నాయో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఇవి మాత్రం ఉన్నాయి. నాకు అందుకు గర్వంగా ఉంది, ఆ మాట రాయడానికి సంకోచం లేదు.

"మేడం, ఇది విన్నారా? దేవనహళ్ళి వాళ్ళు వచ్చిన దినము," అంది అనూష. "ఆ అత్తగారు వంకాయ రంగు చీర అడుగుతుంది, కట్ అయిపోయింది. తీసుకున్నారా లేదా? వారం నుంచి అదే ఆలోచన!"

"రెండో వైపు ఉండాది, వినమ్మా," అన్నాను. నా నోట ఆ మాట అట్లాగే వచ్చింది.

"రెండో వైపు అంటే?"

క్యాసెట్‌కు రెండు వైపులుంటాయని చెప్పి, కింద ఉన్న ఇంకో వరస చూపించాను. ఆ అమ్మాయి దాన్ని నొక్కి, కళ్ళు మూసుకుంది. కాసేపటికి పెదవులు విచ్చుకున్నాయి. పాపమ్మ "కోడలికి ఒకటి, రేడియోలో పేరు వచ్చింది కాబట్టి నాకూ ఒకటి" అనే చోటికి వచ్చిందని నాకు తెలిసిపోయింది. ఆపుకోలేక, "ఆ మెట్ల మీద ఆంటీ ఉంది చూడు, ఆమె..." అని మొదలుపెట్టాను.

అనూష కళ్ళు తెరవకుండానే అరచెయ్యి పైకెత్తి నాకు చూపించింది.

నేను మాట మింగేశాను.